మంచుసీమలో మెట్టతామర

పాఠ్యభాగ ఉద్దేశం

ఉష్ణమండలంలో పుట్టిన ఒక మొక్క, మంచు పడే దేశంలో ఏటేటా ఎట్లా బతికి పూస్తున్నదో తెలిపే వ్యాసం ఇది. మనకు సుపరిచితమైన మెట్టతామరను ఇంగ్లండు తోటమాలి ఏ కాలంలో ఏ విధంగా కాపాడుకొంటాడో, ఆ పనుల వెనుక ఉన్న ప్రకృతి సూత్రాలు ఏమిటో ఇందులో తెలుసుకొంటారు. శాస్త్రవిషయాన్ని తెలుగులో వివరించే పద్ధతిని గమనిస్తూ చదవండి.

పాఠ్యభాగం

రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర, ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలలో, బావి గట్ల పక్కన, వీధికుళాయి నీరు పారే కాలువ ఒడ్డున మెట్టతామర మనకు తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. అరటి ఆకును కుదించినట్లుండే వెడల్పాటి ఆకులు, వాటి నడుమ నుంచి నిటారుగా లేచిన కాడ, కాడ కొనన ఎరుపు, పసుపు, నారింజ రంగుల పూలు దీని ఆనవాళ్ళు. కొన్నిచోట్ల దీనిని కృష్ణతామర అని కూడా అంటారు. కాస్త నీరు అందితే చాలు, ఇది దానంతట అదే పిలకలు వేసి గుబురు కడుతుంది. ఎండావానలు దీనిని ఏమీ చేయలేవు. అందువల్ల మనం దీనిని శ్రద్ధ పెట్టి పెంచవలసిన మొక్కగా ఎన్నడూ భావించలేదు.

ఇదే మొక్కను ఇంగ్లండులో పెంచదలచినవారి పరిస్థితి వేరు. అక్కడ ఒక్క రాత్రి మంచుకే ఆరడుగుల మొక్క తెల్లవారేసరికి నల్లబడి వాలిపోతుంది. అయినా ఆ దేశపు తోటలలో నూటయాభై ఏళ్ళకు పైగా మెట్టతామర పూస్తూనే ఉన్నది. అది ఎట్లా సాధ్యమైంది? మొక్కలో ఏ భాగం చస్తుంది, ఏ భాగం బతికి ఉంటుంది, బతికి ఉన్న భాగానికి ఏమి కావాలి అన్న మూడు ప్రశ్నలకు అక్కడి తోటమాలులు అనుభవంతో కనుగొన్న సమాధానమే ఈ పాఠంలోని విషయం.

పేరు – పుట్టుక

మెట్ట అంటే నీటి వసతి లేని ఎత్తైన నేల. తామర నీటిలో పుట్టేది. మెట్టమీద పూసిన తామర అన్న భావంతో మనవారు ఈ మొక్కకు పేరు పెట్టుకొన్నారు. ఇంగ్లీషువారు దీనిని ‘కానా లిల్లీ’ అన్నారు. వంగదేశీయులు ‘సర్వజయ’ అన్నారు. వృక్షశాస్త్ర దృష్టిలో ఇది తామరకూ బంధువు కాదు, లిల్లీకీ బంధువు కాదు. అల్లం, పసుపు, ఏలకి, అరటి మొక్కలకు ఇది దాయాది. దీనిది కానేసీ అనే కుటుంబం. ఆ కుటుంబంలో కానా అనే ఈ ఒక్క ప్రజాతి తప్ప మరొకటి లేదు.

స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీనికి ‘కానా ఇండికా’ అని నామకరణం చేశాడు. ‘కానా’ అన్నది రెల్లును సూచించే లాటిన్ మాట. ‘ఇండికా’ అన్న మాటను బట్టి ఇది మన దేశపు మొక్క అని భ్రమపడరాదు. దీని జన్మస్థానం అమెరికా ఖండాలలోని ఉష్ణ ప్రాంతాలు. కొలంబస్ కాలం నుంచి యూరపువారు అమెరికా దీవులను కూడా ‘ఇండీస్’ అనే వ్యవహరించేవారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంత ప్రజలు వేల సంవత్సరాలుగా దీని దుంపలను ఆహారంగా వాడుతున్నారు. వియత్నాంలో నేటికీ ఈ దుంపల పిండితో సేమ్యా వంటి సన్నని తీగలు చేసి వండుకొంటారు. దుంపనిండా పిండిపదార్థం ఉన్నదన్న ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

పువ్వు నిర్మాణం కూడా విచిత్రమైనదే. మనం రేకులనుకొనేవి నిజానికి రేకులు కావు, రూపం మారిన కేసరాలు. అసలు రేకులు సన్నగా, చిన్నవిగా వాటి వెనుక ఒదిగి ఉంటాయి. పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే. అందులోనూ సగభాగమే ఆ పని చేస్తుంది, తక్కిన సగం రేకువలె విప్పారుతుంది.

యూరపు తోటలలోకి రాక

పదహారవ శతాబ్దం నాటికే యూరపువారికి మెట్టతామర తెలుసు. కాని చాలాకాలం అది గాజుగదులలో దాచుకొనే వింతమొక్కగానే ఉండిపోయింది. చిలీ దేశంలో ఫ్రెంచి దౌత్యోద్యోగిగా పనిచేసిన తియోడోర్ ఆనే స్వదేశానికి తిరిగి వచ్చి, పారిస్ సమీపంలోని పస్సీలో కానా జాతులను ఒకదానితో ఒకటి సంకరం చేయసాగాడు. 1840ల చివరిలో అతడు పెంచిన సంకరజాతి, ఆకుల అందంతో అందరినీ ఆకర్షించింది. 1860ల నాటికి పారిస్ ఉద్యానవనాలలో మెట్టతామర వేసవి శోభగా మారింది. తరువాత లియోన్ నగరానికి చెందిన క్రోజీ పెద్ద పూలు పూసే రకాలను సృష్టించాడు. 1890లలో ఇటలీలోని నేపుల్స్‌లో కార్ల్ స్ప్రెంగర్ ఆర్కిడ్ పూలను తలపించే రకాలను వెలువరించాడు.

లండన్‌లో ఈ పద్ధతికి ఆద్యుడు బాటర్‌సీ పార్కును తీర్చిన జాన్ గిబ్సన్. అతడు యువకుడుగా ఉన్నప్పుడు, 1835లో, డెవన్‌షైర్ ప్రభువు పంపగా మొక్కల సేకరణకు మన దేశానికి వచ్చి ఖాసీ కొండలలో తిరిగాడు. ఆ అడవులలో చూసిన పెద్ద ఆకుల సౌందర్యాన్ని 1860లలో లండన్ నగరం నడిబొడ్డున మెట్టతామర, అరటి మొదలైన మొక్కలతో నిలబెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ అభిరుచి కొంతకాలం మందగించింది. 1990ల ఆరంభంలో క్రిస్టఫర్ లాయిడ్ అనే ఉద్యానరచయిత, ఈస్ట్ ససెక్స్‌లోని తన గ్రేట్ డిక్స్‌టర్ తోటలో పాత గులాబీలను పెకలించి, వాటి స్థానంలో మెట్టతామర వంటి ఉష్ణమండల మొక్కలను నాటాడు. సంప్రదాయప్రియులు ఆశ్చర్యపడ్డారు. కాని ఆ తోట చూడవచ్చినవారిలో చాలామందికి మెట్టతామర మీద మళ్ళీ మనసు కలిగింది.

తుహినం చేసే హాని

తెలుగులో ‘మంచు’ అన్న మాట ఒక్కటే. వేకువన గడ్డిమీద మెరిసే నీటిబిందువులూ మంచే, దారి కనబడకుండా కమ్మే పొగవంటిదీ మంచే, హిమాలయాలమీద పేరుకొనేదీ మంచే. అమరకోశకారుడు సంస్కృతంలో హిమం, తుహినం, నీహారం, ప్రాలేయం వంటి పేర్లెన్నో చెప్పినా, వాటినన్నింటినీ పర్యాయపదాలుగానే కూర్చాడు. తోటమాలికి మాత్రం వీటి భేదం ప్రాణావసరం. కనుక ఈ పాఠంలో, రాత్రివేళ నేలమీదా ఆకులమీదా నీరు గడ్డకట్టి ఏర్పడే తెల్లని పొరకు ‘తుహినం’ అన్న మాటను ప్రత్యేకంగా వాడుకొందాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగడం మీరు వినే ఉంటారు. మనకు అది చూడబోయే వింత. ఇంగ్లండులో అక్టోబరు నుంచి మే నెల వరకు ఏ రాత్రి అయినా జరగగలిగే మామూలు సంగతి.

తుహినం పట్టే రాత్రిని ముందుగా గుర్తించవచ్చు. పగలంతా వేడెక్కిన నేల రాత్రివేళ ఆ వేడిని ఆకాశంలోకి విడుస్తుంది. మబ్బులుంటే అవి దుప్పటివలె ఆ వేడిని కొంత ఆపుతాయి. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, చుక్కలు దట్టంగా మెరిసే రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లని గాలి బరువైనది కనుక, నీరు పల్లానికి పారినట్లు అది కూడా పల్లపు చోట్లకు చేరి నిలుస్తుంది. అందుకే ఒకే ఊరిలో గుట్టమీది తోట పచ్చగా ఉండగా దిగువనున్న తోట మాడిపోవచ్చు. మరొక విషయం కూడా ఉన్నది. వాతావరణ శాఖవారి ఉష్ణమాపకం నేలకు దాదాపు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. అది రెండు, మూడు డిగ్రీలు చూపుతున్న రాత్రి కూడా గడ్డిమీద నీరు గడ్డకట్టగలదు. సూచికలో సున్నా కనబడలేదు కదా అని తోటమాలి నిశ్చింతగా నిద్రపోరాదు.

ఆకు ఎందుకు చస్తుంది? దాని కణాల మధ్య ఖాళీలలో ఉన్న నీరు ముందుగా గడ్డకడుతుంది. ఆ మంచుస్ఫటికాలు కణాల లోపలి నీటిని కూడా బయటికి లాగుతాయి. నీటిని కోల్పోయిన కణాల పొరలు చెడిపోతాయి. తెల్లవారి ఎండ తగలగానే మంచు కరుగుతుంది. చెడిన పొరలు రసాన్ని నిలుపుకోలేవు. ఆకులన్నీ ఉడకబెట్టినట్లు మెత్తబడి, మసి పూసినట్లు నల్లబడతాయి. ఆపిల్, ఓక్ వంటి శీతలదేశపు చెట్లు శరత్కాలంలోనే ఆకులు రాల్చి, కణాలను చలికి సిద్ధం చేసుకొంటాయి. ఉష్ణమండలంలో పుట్టిన మెట్టతామరకు ఆ విద్య తెలియదు. మంచు పడే ముందటి రోజు వరకు పూలు పూస్తూనే ఉంటుంది.

కొమ్ములో దాగిన ప్రాణం

నల్లబడిన మెట్టతామరను చూసి మొక్క పోయిందని పెకలించి పారేసినవాడు బతికి ఉన్నదాన్నే పారేసినవాడవుతాడు. ఆకు చావు కొమ్ము చావు కాదు. ఈ మాటను తెలుగు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. నిజామాబాదు ప్రాంతంలోగాని, దుగ్గిరాల చుట్టుపక్కలగాని పసుపు పండించేవారు, ఆకు పండి ఎండిపోయిన తరువాతనే దుంపను తవ్వుతారు. విత్తనానికి ఉంచిన పసుపును నీడపట్టున కుప్పపోసి, ఎండుటాకులు కప్పి, మళ్ళీ తొలకరి వరకు కాపాడుతారు. మెట్టతామర పసుపుకు దాయాది అని ముందే చెప్పుకొన్నాం. దీని కొమ్ము కూడా అటువంటిదే. అది వేరు కాదు, నేలలో అడ్డంగా పెరిగే కాండం. దానిమీద కన్నులు ఉంటాయి. వేసవిలో ఆకులు తయారుచేసిన ఆహారం పిండిపదార్థంగా మారి అందులో నిలువ ఉంటుంది. అనుకూలకాలం రాగానే ఆ నిలువనే వాడుకొని కన్ను మొలకగా లేస్తుంది.

నేల గాలివలె త్వరగా చల్లబడదు. ఆకుల ఎత్తున నీరు గడ్డకట్టే రాత్రి కూడా, జానెడు లోతున మట్టి కొంత వెచ్చగానే ఉంటుంది. కనుక మొదటి తుహినానికి ఆకు చచ్చినా కొమ్ముకు భయం లేదు. చలి వారాల తరబడి సాగి, నేల లోపలికి దిగినప్పుడు మాత్రమే కొమ్ము గడ్డకట్టి చెడుతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ మెట్టతామరలలో చాలావాటిని, సున్నాకు దిగువన అయిదు డిగ్రీల వరకు మాత్రమే ఓర్వగల మొక్కల తరగతిలో చేర్చింది. చలికి తేమ తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నిద్రాణంగా ఉన్న కొమ్ము నీటిని పీల్చుకోదు. దాని చుట్టూ నీరు నిలిస్తే కుళ్ళు పడుతుంది. శీతలదేశంలో మెట్టతామరను చంపేది చాలాసార్లు మంచుకంటె, మంచుతో కలిసిన చిత్తడి.

రెండు రక్షణోపాయాలు

దీనిని బట్టి తోటమాలికి రెండు మార్గాలు కలవు. దక్షిణ ఇంగ్లండు తీరం వంటి కొంత వెచ్చని చోట, నీరు నిలవని నేలలో, దక్షిణం వైపు ఎండపడే గోడ పక్కన మొక్క ఉంటే, కొమ్మును నేలలోనే ఉంచవచ్చు. నల్లబడిన కాడలను కోసి, పాదుమీద ఎండుటాకులనో, గడ్డినో, చెక్కపొట్టునో 15 సెంటీమీటర్ల మందాన కప్పాలి. ఈ కప్పు కొమ్ముకు కొత్తగా వేడిని ఇవ్వదు. నేలలో ఉన్న వేడిని త్వరగా పోనివ్వకుండా ఆపుతుంది.

ఈ మార్గంలో శ్రమ తక్కువ, జూదం ఎక్కువ. 2010 డిసెంబరు, 1910 నుంచి ఉన్న లెక్కల ప్రకారం బ్రిటన్‌కు అత్యంత శీతలమైన డిసెంబరు. పది ఏళ్ళు చాలిన కప్పు అటువంటి ఒక్క ఏడాదికి చాలకపోవచ్చు. పోతే తిరిగి దొరకని రకం ఏదైనా తన వద్ద ఉన్నవాడు, దానిలో కొంత భాగాన్నయినా తవ్వి ఇంటిలో దాచుకోవడం వివేకం.

రెండవ మార్గం తవ్వి దాచడం. ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో ఇదే శరణ్యం. మొదటి తుహినం ఆకులను నల్లబరచిన వెంటనే ఈ పని చేపట్టాలి. కాడలను జానెడు ఎత్తు ఉంచి కోయాలి. గుబురుకు కొంత దూరంగా పలుగు దింపి, కొమ్ములకు గాయం తగలకుండా పైకి లేపాలి. అంటిన మట్టిని దులిపి, మెత్తబడిన ముక్కలను కోసివేసి, గాలి ఆడే నీడలో కొన్ని రోజులు ఆరబెట్టాలి. తరువాత పెట్టెలలోగాని తొట్లలోగాని పేర్చి, చుట్టూ ఇసుకనో, ఆకు ఎరువునో, కొబ్బరిపొట్టునో నింపాలి. దక్షిణ భారతంలోని కొబ్బరిపీచు పరిశ్రమలలో మిగిలే పొట్టు ఇప్పుడు బ్రిటన్ తోటలకు కూడా ఎగుమతి అవుతున్నది.

నిలువచేసే గదిలో ఉష్ణోగ్రత 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే గడ్డకట్టే భయం. అంతకు బాగా పెరిగితే కొమ్ము అకాలంలో మేలుకొని, వెలుతురు లేని చోట పాలిపోయిన మొలకలు వేసి, నిలువ ఆహారాన్ని వృథా చేసుకొంటుంది. చుట్టూ ఉన్న పొట్టును గుప్పిట్లో పిడికిలిస్తే తడి తెలియాలి, నీరు కారరాదు. పూర్తిగా ఎండనిస్తే కొమ్ము ముడతలుపడి చస్తుంది. కనుక నెలకొకమారు పెట్టెను తెరిచి, ప్రతి కొమ్మునూ చేతితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే క్షేమం. ముడత కనిపిస్తే కాసిని నీళ్ళు చిలకరించాలి. మెత్తబడితే ఆ భాగాన్ని కోసివేయాలి. కుళ్ళు ఒక కొమ్ము నుంచి మరొకదానికి పాకుతుంది గనుక ఈ పనిలో జాలి పనికిరాదు.

మేలుకొలుపు నుంచి పూత వరకు

హైదరాబాదులో మెట్టతామరకు ఏడాది పొడవునా పెరుగుదల కాలమే. ఇంగ్లండులో ఆరుబయట పెరగడానికి దొరికేది మే చివరి నుంచి అక్టోబరు వరకు, అంటే అయిదు నెలలే. ఆ కాలమంతా మొలకెత్తడానికే సరిపోతే పూత చూడబోయేసరికి మళ్ళీ మంచు వస్తుంది. అందుచేత తోటమాలి మార్చి నెలలోనే ఇంటిలో పని ప్రారంభిస్తాడు. కొమ్ములను శుభ్రమైన కత్తితో, ఒక్కొక్క ముక్కకు రెండు మూడు కన్నులు ఉండేటట్లు కోస్తాడు. వాటిని కుండీలలో పెట్టి, పైన పలుచగా మట్టి కప్పి, 16 డిగ్రీలకు తగ్గని వెచ్చని చోట ఉంచుతాడు. మొలక కనబడేవరకు నీరు మితంగా పోస్తాడు. ఆకులు విచ్చిన కొద్దీ నీరు పెంచుతాడు.

ఇంటిలో పెరిగిన లేత మొక్కను ఒక్కసారిగా బయట నాటరాదు. గాలికి, ఎండకు, రాత్రి చలికి అది అలవాటు పడాలి. రెండువారాల పాటు పగలు బయట ఉంచి, రాత్రి లోపలికి చేరుస్తారు. దక్షిణ ప్రాంతాలలో మే చివర, ఉత్తరాన జూన్‌లో, ఇక తుహినం పట్టదన్న నమ్మకం కుదిరిన తరువాత నేలలో నాటుతారు. వసంతపు ఎండను చూసి తొందరపడినవాడి శీతకాలపు శ్రమ అంతా ఒక్క రాత్రిలో వ్యర్థం కావచ్చు.

నాటే చోట రోజంతా ఎండ పడాలి. నేలలో పశువుల ఎరువు సమృద్ధిగా కలపాలి. మొక్కకూ మొక్కకూ మధ్య రెండు అడుగుల దాకా ఎడం ఉండాలి. పెరిగే కాలంలో మెట్టతామరకు దాహం, ఆకలి రెండూ ఎక్కువే. చలికాలంలో శత్రువైన నీరే వేసవిలో దీనికి మిత్రం. పూత దశలో పొటాష్ అధికంగా గల ఎరువు వేస్తారు. జూన్‌లో లండన్ పగలు పదహారు గంటలకు పైగా ఉంటుంది. మన వేసవి వేడి అక్కడ లేకపోయినా, ఆ దీర్ఘమైన వెలుతురు కొంతవరకు లోటు తీరుస్తుంది. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచివేస్తే, అదే కాడ పక్కనుంచి కొత్త మొగ్గలు వస్తాయి. తేమ దేశం కనుక నత్తల బెడద కూడా ఉంటుంది. చుట్టలా చుట్టుకొని ఉన్న లేత ఆకును నత్త ఒక్కచోట కొరికితే, ఆకు విచ్చుకొన్నాక వరుసగా రంధ్రాలు కనిపిస్తాయి.

కత్తితో వచ్చే తెగులు

కొమ్మును చీల్చి నాటిన ప్రతి మొక్కా కొత్త మొక్క కాదు. అది పాత మొక్కలోని ఒక ముక్కే. అందువల్ల ఒక రకపు రంగు, రూపం చెక్కుచెదరకుండా తరతరాలు నిలుస్తాయి. అదే కారణంచేత మొక్కకు సోకిన వ్యాధి కూడా తరతరాలు నిలుస్తుంది. 2000 తరువాతి సంవత్సరాలలో యూరపులోని మెట్టతామరలకు వైరస్ తెగుళ్ళు పెద్ద ఆపదగా పరిణమించాయి. వాటిలో ఆకులమీద పసుపుచారలు కలిగించే ఒక కొత్త వైరస్‌ను 2007లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు వర్ణించారు. ఈనెల మధ్య పసుపుగీతలు, మచ్చలు పడటం, ఆకులు వంకరలు పోవడం, మొక్క నిస్త్రాణమై పూత తగ్గడం ఈ తెగుళ్ళ లక్షణాలు. వీటికి మందు లేదు. కొన్నింటిని పేనుబంక ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరవేస్తుంది. తెగులు సోకిన కొమ్మును చీల్చి పంచినవాడు దానిని స్వయంగా వ్యాపింపజేసినవాడే అవుతాడు. అనుమానం కలిగిన మొక్కను దయ తలచక నాశనం చేయడం, ఒక్కొక్క గుబురును కోసిన తరువాత కత్తిని శుభ్రపరచడం, కొత్తగా తెచ్చినవాటిని కొంతకాలం వేరుగా ఉంచి గమనించడం తప్పనిసరి. మంచు నుంచి కాపాడిన చేతులే తెగులును పంచకూడదు.

నల్లగింజ

కొమ్ముతోపాటు మెట్టతామరకు మరొక రక్షణ ఉన్నది. అది విత్తనం. ముళ్ళు ముళ్ళుగా కనిపించే కాయలో బఠాణీ గింజంత నల్లగింజలు ఉంటాయి. తుపాకి గుళ్ళవలె గట్టిగా ఉండటంచేత ఇంగ్లీషువారు ఈ మొక్కకు ‘ఇండియన్ షాట్’ అని పేరు పెట్టారు. చాలాచోట్ల వీటితో పూసలదండలు గుచ్చుకొంటారు. అర్జెంటీనాలోని ఒక పురాతన సమాధిలో అక్రోటుకాయ చిప్పలో పెట్టిన కానా గింజ దొరికింది. దాదాపు ఆరువందల ఏళ్ళనాటి ఆ గింజ 1960ల చివర మొలకెత్తింది. నీరు చొరనివ్వని పైపెంకే దానిని అంతకాలం కాపాడింది. అందుకే ఈ గింజను నాటేముందు పెంకును ఆకురాయితో ఒకచోట అరగదీసి, లోపలి తెలుపు కనబడగానే ఆపి, గోరువెచ్చని నీటిలో ఒక రోజు నానబెడతారు. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిమొక్కవలె ఉంటుందన్న హామీ లేదు. కాని ఏ పూవు పూస్తుందోనన్న కుతూహలం ఉన్నవారికి ఇదే మంచి మార్గం.

విద్యార్థులారా! ఈ ప్రయోగానికి ఇంగ్లండు పోనక్కరలేదు. మీ కళాశాల ఆవరణలోనో, మీ ఊరి స్టేషన్‌లోనో ఉన్న మెట్టతామర కాయ ఎండినప్పుడు రెండు గింజలు కోసుకొని రండి. ఒకదానిని అరగదీసి, మరొకదానిని అట్లాగే ఒకే కుండీలో నాటండి. ఏది ముందు మొలకెత్తుతుందో, ఎన్ని రోజులు పడుతుందో రాసి ఉంచండి. మనకు చలిలేని నేల దొరికింది గనుక ఈ మొక్కను గమనించకుండానే గడిపేశాం. ఏడాదిలో ఆరు నెలలు దాని కొమ్మును పెట్టెలో దాచి, నెలనెలా నొక్కి చూసుకొనేవారికి దాని ప్రతి మొలకా తెలుసు.

కఠిన పదాలకు అర్థాలు

ఆనవాలు = గుర్తు
దాయాది = జ్ఞాతి, ఒకే వంశంలోనివాడు
సంకరం = రెండు జాతుల కలయిక
కేసరం = పువ్వులో పుప్పొడినిచ్చే భాగం
తుహినం = గడ్డకట్టిన మంచు
స్ఫటికం = పలుగురాయి; పలకలు తేరిన ఘనరూపం
నిద్రాణం = నిద్రపోతున్నది
శరణ్యం = దిక్కు, ఆధారం
నిస్త్రాణం = శక్తి లేనిది
అకాలం = కాలం కాని కాలం

భాషాంశాలు

సంధులు: ఆకులన్నీ = ఆకులు + అన్నీ (ఉత్వసంధి); మొదలైన = మొదలు + ఐన (ఉత్వసంధి); రక్షణోపాయం = రక్షణ + ఉపాయం (గుణసంధి); అత్యంత = అతి + అంత (యణాదేశసంధి); ప్రాణావసరం = ప్రాణ + అవసరం (సవర్ణదీర్ఘసంధి)

సమాసాలు: ఎండావానలు = ఎండయును, వానయును (ద్వంద్వ సమాసం); రెండువారాలు = రెండు సంఖ్య గల వారాలు (ద్విగు సమాసం); నల్లగింజలు = నల్లనైన గింజలు (విశేషణ పూర్వపద కర్మధారయం); వ్యాధులు సోకని కొమ్ము వంటి పదబంధాలను పాఠంలో వెదికి, వాటిని సమాసాలుగా మార్చే ప్రయత్నం చేయండి.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. శీతలదేశంలో మెట్టతామర కొమ్మును కాపాడే రెండు మార్గాలను, వాటి మేలుకీళ్ళను వివరించండి.
2. తుహినం పట్టే రాత్రి లక్షణాలేమిటి? తుహినం వల్ల ఆకు ఎట్లా నశిస్తుందో తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మెట్టతామర కొమ్మును పసుపు దుంపతో రచయిత ఏ విధంగా పోల్చారు?
2. కొమ్మును చీల్చి నాటడంలోని లాభనష్టాలేమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఆకు చావు కొమ్ము చావు కాదు.”
2. “చలికాలంలో శత్రువైన నీరే వేసవిలో దీనికి మిత్రం.”

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘కానా ఇండికా’ అని నామకరణం చేసినదెవరు?
2. కొమ్ములను నిలువచేసే గదిలో ఉష్ణోగ్రత ఎంత ఉండాలి?
3. బాటర్‌సీ పార్కును తీర్చినదెవరు?
4. మెట్టతామర గింజను నాటేముందు ఎందుకు అరగదీస్తారు?